జీన్సు జీను

రాయదుర్గంలో నీళ్ళు నాలుగు రోజులకొకసారి.
ఐనా మా దొడ్లో ఏడు బాతులుండాయి.
నవ్వేటోళ్ళు నవ్వుకోండి.
తిప్పేస్వామి బళ్ళారికి కత్తెర సాన పట్టించను పొయ్యి
కత్తెర ఆడే మరిచి
గంప నెత్తిన పెట్టుకోని వచ్చినాడు.

ఏడూ ఒక కొలత కావు.
జమేదారు తెల్ల మగబాతు,
సంకలో పెట్టుకుంటే మూడ్నెల్ల బిడ్డ బరువు.
వాని జోడు పెద్దక్క, ఇంగా రవ్వంత ఎక్కువే.
నడుమ మూడు ఖాకీవి, పోలీసు గుడ్డ రంగు.
చివరాకరికి గవ్వ, రెండరచేతుల్లో ఇమిడిపోయే ఆడది,
దానంతే ఉండే మగోడు బొత్తాం.

గోల చేసేదంతా ఆడదే. మగదాని గొంతు జీర.
తోక చూసి కనుక్కోవల్ల:
ఒక ఈక పైకి మెలి తిరిగి ఉంటాది,
బాబిన్ తప్పిన దారం మాదిరి.

ముందుగా తలలు.
పైకీ కిందకీ, పైకీ కిందకీ,
కరెంటొస్తానే నా మిషను సూది ఆడినట్టు.
ఎదుటిది గూడా ఆడిస్తే సరేనని.
ఆడించకపోతే
జమేదారు అది చూడడు.

ఆరు బిందెలు పోస్తే తొట్టి మోకాలి లోతు.
వాడు గవ్వ మెడ కరుచుకోని ఎక్కినప్పుడు
తొట్టిలో గవ్వ కనపడదు.
బుడగలు కనపడతాయి.
ఒకటి, రెండు, మూడు...
పదకొండో బుడగకు
కాజా సగంలో వదిలి ఉరికినా.
చీపురు దొరకలేదు, చేతుల్తోనే ఎత్తి అవతల పెట్టినా.
గవ్వ తేలింది. తల విదిలించింది.
మెడ మీద ఈకల్లేవు. గోరంత నెత్తురు.

వన్నూరక్క గోడ మీంచి అనింది:
"జీవాలు మేయ్, వాటి పని వాటిది.
కోసి కూరొండు, పీడా పోతాది."
ఏదాన్ని కోయల్లనో చెప్పలేదు.

అదే తొట్టిలో, అదే మాపున
ఇంగొకటి చూసినా.
బొత్తాం పెద్దక్క ముందర తలాడిస్తాండాడు.
ఆమె పడవ. వాడు పడవలో ఎవురో మరిచిన చెప్పు.
ఎక్కినాడు, జారినాడు.
ఈక కరుచుకోని మళ్ళీ ఎక్కినాడు, అటుపక్కకు జారినాడు.
మూడోసారి పెద్దక్క
మెడ చాపి నీళ్ళ మీద పరుచుకునింది,
ఇస్త్రీ బల్ల మీద గుడ్డ మాదిరి,
వానికి అందేంత కిందికి.
రెప్పపాటు.
ఆపైన వాడు తల వెనక్కి వంచి
తొట్టి చుట్టూ ఒక రౌండు,
కోట కొండ తానొక్కడే ఎక్కి దిగినట్టు.
ఆమె నెత్తిన నీళ్ళు చల్లుకోని తానం చేసింది,
పనైపోయిన మనిషి మాదిరి.

నాకేదో అర్థమైందని చెప్పను.
జమేదారుకు ఒంగడం రాదు.
నాకు కుట్టడం వస్తాది.

రాత్రి టేపు తీసినా.
గవ్వ మెడ చుట్టు నాలుగంగుళాలు,
వీపు ఐదు, రెక్కల కింద ఎలాస్టిక్కు.
ముప్ఫైయేండ్లుగా నడుములు కొలిచినా,
ఈ సైజు నా పుస్తకంలో లేదు.
ముప్ఫై నాలుగు ప్యాంటు జేబు మిగులు,
రెండు వరసల నారింజ దారం,
కంపెనీ గుర్తు గూడా అట్లే ఉండిపాయె.
"బాతుకు జీనా?" అన్నాడు తిప్పేస్వామి.
"జీన్సు" అంటి.
నవ్వలేదు. కరెంటు పోతే సెల్లు లైటు పట్టినాడు,
నా చెయ్యి నీడ గుడ్డ మీద పడకుండా.

పొద్దున గవ్వ నీలం వీపుతో దొడ్లోకి నడిచింది.
జమేదారు తలాడించబోయి ఆగినాడు.
ముక్కుతో దారం లాగి చూసినాడు.
నా కుట్టు ఊడదు.
అయినా నమ్మలేక తడిక కట్టినా:
అవతల వాడు, పెద్దక్క, ఖాకీలు,
ఇవతల చిన్నవి రెండూ.
మధ్యాన్నానికే పెద్దక్క తడికకు మెడ ఆనించి
ఈ పక్కకు ఒకటే అరుపు.
అది నేను లెక్కేసుకోలేదు.

నీళ్ళు రేపు గానీ రావు.
గవ్వ పక్క పాత బేసిన్లో రెండు బెత్తెలు మిగిలినాయి.
ఆ కాస్తలోనే
అది బొత్తాం వైపు తిరిగి
పైకీ కిందకీ,
ఒక్కసారి.
ఆపింది.
ఏమనుకునిందో.
నేను మిషను దగ్గరికి వచ్చేసినా,
నలభై మూడు కాజాలుండాయి మాపటికి.